వాయిదా డైరీలో రాయనివి

మా ఇంట్లో అటక మీద ఒక ఇనప్పెట్టె ఉంది. అందులో 1976 నుంచి 2013 దాకా ఏడాదికొకటి చొప్పున ముప్పై ఎనిమిది వాయిదా డైరీలు. నేను వకీలు గుమాస్తాగా బతికిన బతుకంతా వాటిలోనే ఉంటుంది: ఏ కేసు, ఏ కోర్టు, ఏ తారీకు, మళ్ళీ ఎప్పటికి పడింది. నేను పుట్టింది, పెరిగింది, ఇప్పుడు మామిడిచెట్ల కింద కుర్చీ వేసుకుని కూచున్నదీ రెడ్డిగూడెంలోనే. పోయిన వేసవిలో చెదలు పట్టాయేమోనని పెట్టె దింపించాను. పట్టాయి. మిగిలినవి తిరగేస్తుంటే, పక్క ఊరి పల్లె నుంచి లా చదువుతున్న ఒక అమ్మాయి వచ్చి కూచుంది. "కులాల దాడుల్లో చచ్చినవాళ్ళకు, దెబ్బలు తిన్నవాళ్ళకు న్యాయం ఎక్కడ తప్పిపోతుంది తాతగారూ? మీరు దగ్గరుండి చూశారుగా" అని అడిగింది. తీర్పు దగ్గర తప్పిపోతుందని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతవరకు అది తీర్పుకు చాలా ముందే, మొదటి రాత్రే, నాలాంటి వాళ్ళ చేతుల్లోనే జారిపోతుంది. ఆమెకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

1. మొదటి ప్రశ్న ఎవరి మీద పడిందో చూడు.

1968లో నాకు పద్నాలుగేళ్ళు. కంచికచర్లలో కోటేశు అనే దళిత కుర్రాడి మీద దొంగతనం మోపి, కట్టేసి కాల్చి చంపారన్న వార్త మైలవరం మీదుగా మా ఊరికి వచ్చింది. మా అరుగు మీద కూచున్న పెద్దలు ఆ కబురు విని మొదట అడిగిన మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది. "ఇంతకీ ఏం దొంగిలించాడట?" నిప్పు పెట్టిందెవరని ఎవరూ అడగలేదు. మా నాన్నా అడగలేదు. నేనూ మనసులో దొంగతనం గురించే ఆలోచించాను, బిందెలా, డబ్బులా అని. ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో ఆ ప్రశ్న. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపితే, మంచినీళ్ళ చెరువు దగ్గర బకెట్టు గొడవట అన్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రైనులో పారేస్తే, సినిమా హాల్లో కాలు తగిలిందట అన్నారు. మన భాషలో ఆ "ట" ఒకటుంది చూడు, చెప్పేవాడి మీద ఏ బరువూ పడకుండా చచ్చినవాడి మీదికి నేరాన్ని తోసేస్తుంది. చుండూరు పల్లెలో పిల్లలు డిగ్రీలు చదివారు, కొందరు రైల్వేలో పనికి కుదిరారు, పొద్దున్నే కామందు వాకిట్లో నిలబడే అవసరం కొన్ని ఇళ్ళకు తప్పింది. కాలు తగలడం కన్నా ముందు తగిలింది అదీ. గొడవ ఎందుకు మొదలైందని అడిగేవాడికి, అంతకు ముందు పదేళ్ళలో ఆ పల్లెలో ఏం మారిందో చెప్పడం నేర్చుకో.

2. ఆలస్యం ముద్దాయి తరఫు మొదటి సాక్షి.

ఇది నా సొంత తప్పు, అందుకని కాస్త ఎక్కువ చెబుతాను. 1993 వేసవి. మా వైపే ఒక ఊరు, పేరు అనవసరం. ఆ ఏడు పల్లె కుర్రాళ్ళు నలుగురు కలిసి ఒక మామిడి తోట కాపు గుత్తకు తీసుకున్నారు. అంతకు ముందు అదే తోటలో కాయలు కోసి గంపలు మోసినవాళ్ళు. ఊళ్ళో కొందరికి అది కంట్లో నలుసయింది. ఒక సాయంత్రం, కాయల బండి ట్రాక్టరుకు దారి ఇవ్వలేదన్న సాకుతో పది పదిహేను మంది కర్రలు పట్టుకుని తోటలోకి వెళ్ళారు. ముగ్గురికి దెబ్బలు. ఒకడికి కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది.

రాత్రి తొమ్మిది దాటాక వాళ్ళు మా ఇంటికి వచ్చారు. అర్జీ రాయించాలంటే ఈ చుట్టుపక్కల అందరూ నా దగ్గరికే వచ్చేవారు. కరెంటు లేదు, కిరసనాయిలు బుడ్డి వెలుతురు. ఆ కుర్రాడు విరిగిన చేతిని తువ్వాలుతో మెడకు కట్టుకుని అరుగు కింద నిలబడ్డాడు. ముంజేతి మీద మామిడి సొన మరకలు నల్లగా కనబడుతున్నాయి. కూచోమనాలన్న ఆలోచన నాకు రాలేదు. నా ఇల్లు ఊళ్ళో, వాళ్ళ ఇళ్ళు పల్లెలో. ఈ మాట మనవైపు వాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు.

"ఈ రాత్రప్పుడు స్టేషనుకెందుకు, ముందు ఆస్పత్రికి వెళ్ళండి, రేపు పెద్దమనుషులు కూచుంటారు, మాట్లాడదాం" అన్నాను. మంచిమాటే చెప్పాననుకుని పడుకున్నాను కూడా. పెద్దమనుషులు మర్నాడు కూచోలేదు. ఒకాయన పెళ్ళికి వెళ్ళాడు, ఇంకొకాయనకు ఒంట్లో బాగాలేదు. నాలుగో రోజు ఫిర్యాదు ఇచ్చేసరికి అవతలివాళ్ళు తమ మీదే దాడి జరిగిందని ముందుగానే ఒకటి పెట్టేసి ఉన్నారు. మూడేళ్ళ తర్వాత కోర్టులో ఎదుటి వకీలు చేసిన క్రాసులో మొట్టమొదటి ప్రశ్న అదే. "నాలుగు రోజులు ఏం చేశారు?" ఆ కుర్రాడు బోనులోంచి నా వైపు చూశాడు. నేను కట్టలోని కాగితాలు సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

మొదటి రాత్రి చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. ప్రభుత్వ ఆస్పత్రిలో గాయాలు రాయించుకోవాలి. ఏ స్టేషను దగ్గరైతే ఆ స్టేషనులో ఫిర్యాదు ఇవ్వాలి. తమ పరిధి కాదంటే జీరో ఎఫ్.ఐ.ఆర్. కట్టమనాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో దానికి చోటుంది. కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోవాలి. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే దాన్నే ఎస్పీకి పోస్టులో పంపి, రసీదు దాచుకోవాలి. కులం పేరుతో తిట్టిన తిట్లు ఎంత రోతగా ఉన్నా ఉన్నవి ఉన్నట్టు రాయాలి. నోటితో అనడానికి సిగ్గుపడి నేను "దుర్భాషలాడారు" అని రాశాను. ఆ సిగ్గు ముద్దాయిలకు పనికొచ్చింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నిలవాలంటే ఏమన్నారన్నది కావాలి. దుర్భాషలో కులం ఎక్కడుంది?

3. సాక్షి మాటకు మెరుగు పెట్టకు.

దాడిని దగ్గరుండి చూసింది ఒకామె. ఆ కుర్రాళ్ళలో ఒకడి తల్లి, తోటలో కాపలా గుడిసె దగ్గర పొయ్యి వెలిగిస్తోంది. "పొద్దు వాలుతోందయ్యా, మేకలు ఇంటికి మళ్ళే వేళ" అంది. నేను "సాయంత్రం సుమారు 5 గంటల 30 నిమిషాలకు" అని రాశాను. "ఎంతమందో లెక్కపెట్టలేదు, తోటంతా వాళ్ళే అనిపించింది" అంది. నేను "సుమారు 15 మంది" అని రాశాను. నా దస్తూరి బాగుంటుందని మా వకీలుగారు మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలు నాకు తలకెక్కింది.

క్రాసులో ఎదుటి వకీలు గోడ మీది గడియారం చూపించి, "ఇప్పుడు టైమెంత చెప్పమ్మా" అన్నాడు. ఆమెకు గడియారం చూడటం రాదు. "మరి అయిదున్నర అని ఎలా రాయించావు?" మేకలు మళ్ళే వేళ అని రాసి ఉంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు. మే నెలలో మా వైపు మేకలు ఎప్పుడు మళ్ళుతాయో కోర్టులో ఉన్న బిళ్ళ బంట్రోతుకు కూడా తెలుసు.

చుండూరు కేసు చదివినప్పుడల్లా నాకు ఆ గడియారం గుర్తుకొస్తుంది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ కేసులో శిక్షపడిన వాళ్ళందరినీ వదిలేస్తూ, ఎవరు ఏ సమయంలో ఎక్కడ చనిపోయారో, కొట్టినవాళ్ళు ఎవరెవరో ప్రాసిక్యూషను రుజువు చేయలేకపోయిందంది. చట్టం దృష్టిలో అవి అడగవలసిన ప్రశ్నలే, కాదనను. కానీ ఆ పగలు పోలీసులే పారిపొమ్మని తరిమితే పొలాలకు అడ్డం పడి పరుగెత్తినవాళ్ళు వాళ్ళు. చేలో దాక్కుని, పక్కవాడి కేక వింటూ, ఊపిరి బిగబట్టుకున్న మనిషి టైము చూసుకుంటాడా? ఆ లోటు సాక్షిది కాదు. ఆమె ఏ భాషలో కాలాన్ని కొలుస్తుందో ఆ భాషలో రాసుకోని వాళ్ళది. స్టేషనులో రాసే సాక్షి స్టేట్‌మెంటు అయినా, నాలాంటివాడు రాసే అర్జీ అయినా, రాసినంతా ఆమెకు చదివి వినిపించు. "నేనిట్లా అనలేదు" అని ఆమె అంటే విసుక్కోకు. ఆ మాటలో ఆమె నీ కేసును కాపాడుతోంది.

4. కోర్టు ఎంత దూరమో న్యాయం అంత ఖరీదు.

1995 వేసవి డైరీలో ఒక పేజీలో ఇలా ఉంది: "జడ్జిగారు సెలవు. వాయిదా. బస్సు చార్జీ, టీ." అంతే. ఆ రోజు నాతోపాటు పల్లె నుంచి అయిదుగురు వచ్చారు. మామిడి కోతల రోజులు, ఏడాదిలో కూలి దొరికే నాలుగు వారాల్లో ఒక రోజు పోయింది. సద్ది మూటలు విప్పి కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద తిన్నారు. ముద్దాయిలు ఎదురు హోటల్లో తిన్నారు. అలా పంతొమ్మిదిసార్లు తిరిగారని డైరీలు లెక్కపెడితే ఇప్పుడు తేలింది. సాక్షికి ప్రయాణ ఖర్చు, కూలి నష్టం ఇవ్వాలని 1995లో వచ్చిన నిబంధనల్లో రాసి ఉంది. మేము అడగలేదు. అడగాలని నాకు తెలియదు. కొత్త నిబంధనలు చదవడం నా పని కాదనుకున్నాను.

అందుకే చుండూరు వాళ్ళు పట్టుబట్టి సాధించినదాన్ని నేను తీర్పు కన్నా పెద్దదిగా చూస్తాను. విచారణ మా ఊళ్ళోనే జరగాలి అన్నారు. ఏళ్ళ తరబడి అన్నారు. చివరికి ప్రత్యేక కోర్టు ఊళ్ళోకి వచ్చింది. నేరం జరిగిన ఊళ్ళోనే ఈ చట్టం కింద కోర్టు పెట్టడం దేశంలో అదే మొదలు. నేను ఊరికే చూద్దామని ఒకసారి తెనాలి నుంచి ప్యాసింజరులో వెళ్ళాను. ఆడవాళ్ళు ఇంటి నుంచి నడిచి కోర్టుకు వచ్చారు. ఒకామె చంకలో పిల్ల. సాక్ష్యం లేనివాళ్ళు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. మా కోర్టుల్లో బోనెక్కిన పల్లె మనిషి భుజాలు ముడుచుకుని కనిపించడం నాకలవాటు. అక్కడ భుజాలు వేరేగా ఉన్నాయి. 2007 జూలై 31న ఆ కోర్టే 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది, 123 మందిని వదిలేసింది.

ఈ దూరం సంగతి ప్రపంచమంతా ఉన్నదే. 1994లో రువాండాలో వంద రోజుల్లో లక్షల మంది టుట్సీలను చంపాక, ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రిబ్యునలు పక్క దేశం టాంజానియాలో, అరూషా పట్టణంలో కూచుంది. ఇరవై ఏళ్ళకు పైగా నడిచి అరవై మందికి పైగా శిక్ష వేసింది. పెద్ద తలకాయల్ని బోనెక్కించింది, మెచ్చుకోవాల్సిందే. కానీ భర్తను పోగొట్టుకున్న ఊరి ఆడమనిషి అరూషా చూసిందా? రువాండా వాళ్ళు తమ పాతకాలపు రచ్చబండ పద్ధతిని, గచాచా అంటారు, మళ్ళీ లేపి 2012 దాకా పది లక్షలకు పైగా కేసులు ఊళ్ళలోనే విన్నారు. అందులోనూ లోపాలున్నాయి. వకీళ్ళు లేరు, ఇరుగుపొరుగు పగలు తీర్చుకున్నారన్నారు. రచ్చబండ అనగానే నాకూ ఒళ్ళు జలదరిస్తుంది, మన రచ్చబండ మీద ఎవరు కూచుంటారో తెలుసు గనక. చుండూరు గొప్పతనం అదే: రచ్చబండ వచ్చి కూచోలేదు, సెషన్స్ కోర్టు వచ్చి కూచుంది.

5. వకీలెవరో బాధితులే తేల్చుకోవాలి.

ప్రభుత్వం పెట్టిన పబ్లిక్ ప్రాసిక్యూటరు, అంటే పి.పి., చేతిలో ఒకే రోజు ముప్పై కట్టలుంటాయి. మన కట్ట ఆయన బోనెక్కే సాక్షి ఎదురుగా మొదటిసారి విప్పుతాడు. నేను ఎన్నిసార్లు చూశానో. చుండూరు బాధితులు తమకు నమ్మకమైన బి. చంద్రశేఖర్‌ను ప్రత్యేక పి.పి.గా వేయించుకున్నారు. అంతకు ముందు, కారంచేడు జరిగినప్పుడు, హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవి వదిలేసి బాధితుల పక్కకు వచ్చి నిలబడ్డారు. కత్తి పద్మారావుతో కలిసి దళిత మహాసభను నిలబెట్టారు. ఆ వార్త నేను వకీలుగారి ఆఫీసులో పేపర్లో చదివాను. అంత పెద్ద ఉద్యోగం వదిలేయడమేమిటని మేమంతా ఆశ్చర్యపోయాం. వదిలేయడానికి నా దగ్గర కూడా ఒకటి ఉందని అప్పుడు తోచలేదు.

6. శాంతి అన్న మాట ముందు ఎవరి నోట వచ్చిందో గుర్తుపెట్టుకో.

1996 చివర. సాక్ష్యాలు సగంలో ఉండగా మా ఇంటికి ఊరి పెద్దలు ఇద్దరు వచ్చారు. నాకు బంధువులే. "ఎన్నాళ్ళీ కక్షలు, పిల్లలు స్కూల్లో కలిసి కూచోవట్లేదు, ఊరు చల్లబడాలి, నువ్వు చెబితే వాళ్ళు వింటారు" అన్నారు. నిజానికి ఊరు అప్పటికే చల్లబడి ఉంది. పల్లె వాళ్ళకు మూడేళ్ళుగా తోటల్లో పని లేదు, కిరాణా కొట్లో అప్పు లేదు, కోతల కాలంలో వేరే ఊళ్ళకు ఆటోల్లో వెళ్ళి వచ్చేవారు. దాన్నెవరూ కక్ష అనలేదు. కేసును మాత్రం కక్ష అన్నారు.

ఇది చట్టం ప్రకారం రాజీ పడటానికి వీల్లేని కేసు. అందుకని మన కోర్టుల్లో దానికో దారి ఉంది: సాక్షులు బోనెక్కి తమకేమీ తెలియదంటారు, పి.పి. లేచి "హోస్టైల్" అంటాడు, కేసు కొట్టేస్తారు. దొంగదారే, కానీ రోజూ నడిచేవాళ్ళుండటంతో రాజమార్గంలా అయిపోయింది. మూడిళ్ళకు కలిపి ముప్పై వేలు. ఆ కవరు నేనే పట్టుకెళ్ళాను. పల్లెలో చర్చి వెనక, తోటలో దాడి చూసిన ఆ తల్లి ఇంటి ముందు కూచున్నాను. వాళ్ళు నాకు కుర్చీ వేశారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కొడుకు చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు, బరువు ఎత్తలేడు. చివరికి, "మీరు తీసుకోమంటున్నారా అయ్యా?" అంది. నేను అవునన్నాను.

ఆ ప్రశ్నకు ఇంకో జవాబు ఉంటుందని ఆమె ఆశపడిందని నాకు ఎప్పుడు అర్థమైందో చెప్పలేను. ఆ రోజు మాత్రం కాలేదు. తిరిగి వస్తూ నేను ఊరికి మేలు చేశానని తృప్తిపడ్డాను. కోర్టు మళ్ళీ పిలిచినప్పుడు ఆమె "నాకేమీ తెలియదు, నేను ఆ రోజు తోటలో లేను" అంది. కొడుకు వెనక బల్ల మీద కూచుని వింటున్నాడు.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయాక పెట్టిన సత్యం, సయోధ్యల కమిషన్ గురించి చాలాకాలం తర్వాత చదివాను. డెస్మండ్ టుటు అధ్యక్షుడు. అక్కడ కూడా క్షమాభిక్ష ఉంది. 7,112 మంది అడిగితే 849 మందికి ఇచ్చారు. అడిగినవాడు అందరి ముందు కూచుని తాను చేసిందంతా, ఏ పనీ దాచకుండా చెప్పాలి. దాని మీద కూడా బాధితుల కుటుంబాలు చాలా కోపగించుకున్నాయి, వాళ్ళ కోపం న్యాయమే. అయినా అక్కడ హంతకుడు నోరు విప్పాలి. నేను చేసిన రాజీలో నోరు విప్పి అబద్ధం చెప్పవలసింది తల్లి. కొట్టినవాళ్ళు ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

7. కొట్టేసిన కేసు కూడా కాగితం మిగులుస్తుంది.

ఇది చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది, ఓడిపోయినవాళ్ళను ఓదార్చే మాటలా ఉంటుంది గనక. కారంచేడు కేసులో 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు వేసింది. నేరం జరిగి ఇరవై మూడేళ్ళయింది. చీరాలకు చేరిన బాధితులు మళ్ళీ ఆ ఊరికి కాపురానికి పోలేదు, చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. చుండూరు వాళ్ళు తమవాళ్ళను ఊరి నడిబొడ్డున పూడ్చి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. వాకపల్లిలో 2007 ఆగస్టు 20న పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు చెప్పిన కేసు పదహారేళ్ళు నడిచింది. 2023లో ప్రత్యేక కోర్టు పోలీసుల్ని వదిలేస్తూనే, దర్యాప్తు చేసినవాళ్ళ లోపాలను ఎత్తిచూపి ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. శిక్ష లేని ఆ కాగితంలో దర్యాప్తు ఎలా చెడిందో మాత్రం ఉంది.

మా కేసులో అదీ లేదు. నేను దగ్గరుండి లేకుండా చేశాను. సాక్ష్యం అబద్ధమైనప్పుడు కాగితం కూడా అబద్ధమే మిగులుస్తుంది. ఇవాళ ఎవరైనా రికార్డు రూములో ఆ కట్ట విప్పితే 1993 వేసవిలో ఆ తోటలో ఏమీ జరగలేదనే తెలుస్తుంది. ఓడిపోవడం వేరు, ఇది వేరు. నిజం చెప్పి ఓడిపోయిన కేసును ఎవరో ఒకరు మళ్ళీ చదువుతారు.

8. పేరు సరిగ్గా రాయి.

ఇది చివరగా తెలిసింది, ఆ వేసవిలోనే. ఆ అమ్మాయి 1997 డైరీ తిరగేస్తూ ఒక చోట ఆగింది. నా దస్తూరిలో ఇలా ఉంది: "పి.డబ్ల్యు.3 హోస్టైల్. పి.డబ్ల్యు.4 హోస్టైల్. ముగిసింది. బస్సు చార్జీ 14." ఎవరు తాతగారూ ఈ పి.డబ్ల్యు.3, ప్రాసిక్యూషను మూడో సాక్షి, అంది. చెప్పబోయి ఆగాను. ఊళ్ళో అందరం ఆమెను ఒక పొట్టి పేరుతో పిలిచేవాళ్ళం, పేరులో ముక్కను విరిచి, చివర ఇకారం తగిలించి. చిన్నపిల్లలు కూడా అట్లాగే. ఫిర్యాదులో నేను అదే రాశాను. అందుకే కోర్టులో ఎదుటి వకీలు రేషను కార్డు చూపించి, ఫిర్యాదులో ఉన్న మనిషి నువ్వేనా అని కాసేపు ఆడుకున్నాడు. ఆ కార్డులోని పేరు నాకు గుర్తులేదు. పధ్నాలుగు రూపాయలు గుర్తుంచుకున్నాను.

ఆమె పోయి తొమ్మిదేళ్ళయిందట. కొడుకు విజయవాడలో వాచ్‌మన్‌గా ఉన్నాడట. ఆ అమ్మాయిని కనుక్కుని రమ్మన్నాను. మరుసటి ఆదివారం ఒక జెరాక్సు కాగితం తెచ్చింది, చర్చి రిజిస్టరులోది, బాప్తిస్మం నాటి పేరు. నిండైన పేరు, అయిదక్షరాలు. ఆ పేరు ఇక్కడ రాయను, అది వాళ్ళ ఇంటిది. డైరీ తెరిచి, పి.డబ్ల్యు.3 అన్న చోట పక్కన, వణికే చేత్తో రాశాను. అమ్మాయి వంగి చూసింది.

"దీర్ఘం పడలేదు తాతగారూ" అంది.

కలం మళ్ళీ తీశాను.